పోతుందన్న మాట

దర్జీల్లో రెండు రకాలున్నారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉన్నది ఒకటే రకం, బుధవారం ఇస్తామని చెప్పి శనివారం ఇచ్చేవాళ్ళు. శనివారం వెళ్తే గుండీలు కుట్టలేదంటారు. ఆ జాతికి చెందని దర్జీ నాకు తెలిసి ఒక్కతే ఉంది, ఆవిడే తొందరమ్మ. బుధవారం అని చెప్పి మంగళవారం పొద్దున్నే ఫోన్ చేస్తుంది. "అయిపోయాయండీ, వచ్చి తీసుకెళ్ళండి. కుట్టేసిన బట్ట కళ్ళ ముందు వేలాడుతుంటే నాకు ఊపిరాడదు" అంటుంది. రావడం ఆలస్యమైతే తనే సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి ఇస్తుంది. ఇచ్చి, ఇంకా వేసుకుని చూడలేదేమని కోప్పడి మరీ వెళ్తుంది.

ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మిగతా సగం తనే పూర్తి చేస్తుంది. చాలాసార్లు తప్పుగా పూర్తి చేస్తుంది, అయినా ఆ అలవాటు మానదు. పొగలు కక్కే టీ తాగి నాలుక కాల్చుకోవడం రోజూ ఉన్నదే. ఆవిడ మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయినవాళ్ళతో తలుపు సందులోంచి "కంగారు పడకండి, నేనున్నాను" అంటూ పని చేసుకోవడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆయనకి అదే డ్యూటీ.

ఇల్లు చిన్నది. వీధిలోకి తెరుచుకునే ముందు గది కొట్టు. అందులో రెండు కుట్టుమిషన్లు, ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా కటింగ్ టేబులు. ఆ టేబులు ఎంత పెద్దదంటే గదిలోకి వచ్చినవాళ్ళు దాని అంచు పట్టుకుని పక్కకి నడవాలి. కొట్టు వెనక వంటిల్లు, పడగ్గది. పైన ఖాళీ డాబా. కథంతా ఆ ఖాళీ డాబా గురించే.

తొందరమ్మకి ఒక అక్క ఉంది. తల్లి పోయినప్పుడు తొందరమ్మ ఇంకా బడికెళ్ళే పిల్ల. అక్క పిల్లల ఆస్పత్రిలో ఆయాగా చేరి, చెల్లెల్ని చదివించి, కుట్టు నేర్పించి, ఆ చేత్తోనే పెళ్ళి కూడా చేసింది. తను మాత్రం చేసుకోలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆస్పత్రి వెనక గదిలో నలుగురు ఆయాలతో కలిసి ఉంది. రిటైరయ్యాక చెప్పుల షాపు మీద మూడో అంతస్తులో అద్దెకు దిగింది. దాన్ని గది అనడానికి నోరు రాదు. ఒక హాలుని ప్లైవుడ్డుతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకి పరదా కట్టి అద్దెకిచ్చారు. అవతలి ముక్కలో వాళ్ళ టీవీ ఎలా మోగితే ఈవిడ నిద్ర అలా సాగాలి.

అది చూసినప్పుడల్లా తొందరమ్మకి కడుపు రగిలిపోయేది. "మా అక్కకి పుట్టి బుద్ధెరిగాక సొంతానికి ఒక తలుపు లేదు. లోపల గడియ పెట్టుకుని పడుకునే గది నేను కట్టిస్తాను" అని మొగుడికి చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఎవరైనా సరేనంటే తొందరమ్మ ఆగుతుందా? డాబా మీద గదికి అనుమతి తెచ్చింది, మేస్త్రీని మాట్లాడింది, ఇటుకలు పైకెక్కించింది, ఒక వరస గోడ కూడా లేపించింది. ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళి "గది కట్టగానే నువ్వొచ్చేస్తున్నావు" అని చెప్పింది. అక్క నిదానం మనిషి. "సరేలేవే, ముందు టీ తాగు, చల్లారిపోతోంది" అంది.

సరిగ్గా ఆ వారమే ఊరికి సొరంగం జ్వరం పట్టుకుంది.

లారీలూ బస్సులూ ఊరి నడుమ ఇరుక్కుని పొద్దంతా హారన్లు కొట్టుకోకుండా, భూమి లోపలి నుంచి ఒక పెద్ద రోడ్డు వేస్తారట. ఈ చివర దిగి ఆ చివర తేలడమేనట. అభిప్రాయాలు చెప్పుకోవచ్చని లైబ్రరీ మేడ మీది హాలుకి జనాన్ని పిలిచారు. గోడకి పటం తగిలించారు. ఒక ఇంజనీరుగారు చేతిలో లైటు పట్టుకుని, పటం మీద ఎర్ర చుక్కని అటూ ఇటూ పరిగెత్తిస్తూ గంటసేపు మాట్లాడాడు. గాలి గొట్టాలన్నాడు, నేల పొరలన్నాడు. తొందరమ్మకి తల తిరిగిపోయింది. మధ్యలోనే లేచి నిలబడింది.

"అవన్నీ సరేనండీ. మా కొట్ల వీధి సంగతి చెప్పండి. పోతుందా, పోదా?"

ఇంజనీరు పటం వైపు తిరిగి, వీధిని వెతికి, ఎర్ర చుక్క దాని మీద నిలబెట్టాడు. "పోతుందండీ. నేరుగా మీ వీధిలోంచే పోతుంది. అందులో అనుమానం లేదు" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. ఇప్పుడు మీరూ నేనూ తీరిగ్గా కూర్చుని చూస్తే సంగతి తెలుస్తూనే ఉంది. ఆయన మనసులో కర్త సొరంగం, ఈవిడ మనసులో కర్త వీధి. మధ్యలో క్రియ ఒక్కటే, అడిగినవాళ్ళకీ చెప్పినవాళ్ళకీ ఒకేలా తలూపింది. ఆయన సొరంగం ఎటు పోతుందో చెప్పాడు. వీధి వీధంతా తమ ఇళ్ళు పోతాయని విని, మొహాలు వేలాడేసుకుని ఇంటికెళ్ళింది. ఇంకో మాట అడుగుదామని ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రీ తాపీ పట్టుకుని వచ్చేసరికి తొందరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "పని ఆపెయ్యి" అంది.

"రెండు రోజులాగి కనుక్కుందాం" అన్నాడు మొగుడు.

"కనుక్కోవడానికేముంది? ఆయన నోటితో ఆయనే చెప్పాడుగా. రేపో మాపో పోయే ఇంటి మీద గది ఎవరైనా కడతారా? ఆ ఇటుకలేవో తర్వాత వచ్చే ఇంటికి పనికొస్తాయి."

రెండు నెలలు తిరక్కుండా ఇంకో కబురొచ్చింది. పటం మీద గీతకి దగ్గర్లో ఉన్న వీధుల్లో, దారి ఖాయమయ్యేదాకా, ఇటుక మీద ఇటుక పెట్టకూడదట. అంటే మేస్త్రీ చేతిలో తాపీ ఉన్నప్పుడు ఈవిడ వద్దంది. ఇక కడదామన్నా కట్టనివ్వరు.

అక్కణ్ణుంచి మొదలైంది తిరగడం. సొరంగం ఆఫీసు పాత బ్యాంకు ఉన్న భవనంలో పెట్టారు. వెళ్ళగానే అద్దాల పెట్టెలో సొరంగం బొమ్మ, అందులో అగ్గిపుల్లంత కార్లు. వచ్చినవాళ్ళంతా ఆ కార్లు చూసి ముచ్చటపడి వెళ్ళాలన్నమాట. బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాకి ఒకటే మాట వచ్చు.

"ఇంకా తేలలేదండీ."

"పోయినసారీ అదే అన్నారు."

"పోయినసారీ తేలలేదు కదండీ."

"ఏం తేలడమయ్యా? భూమి కింద పోయేది తేలడానికి అదేమైనా పడవా?" అని తొందరమ్మ ఒంటికాలి మీద లేచింది. గుమాస్తాకి ఆ మాట తెగ నచ్చింది. పై ఆఫీసరుకి కూడా చెప్పి నవ్వించాడట. పని మాత్రం అంగుళం కదల్లేదు.

వీధి సంగతి ఇంకా బాగుంది. అది నిలువునా రెండు పార్టీలయింది. మందుల షాపాయనది 'పోతుంది' పార్టీ. పోయే షాపుకి సోకులెందుకని ఆయన రంగులు వేయించడం మానేశాడు. చివరికి కాలిపోయిన బల్బు మార్చడం కూడా మానేశాడు. దగ్గు మందు అడిగితే చీకట్లో తడుముకుని ఏదో ఒక సీసా ఇచ్చేవాడు. ఎదురింటి లెక్కల మాస్టారిది 'కింద పోతుంది' పార్టీ. చీమకి కూడా తెలియనంత లోతున పోతుందని ఆయన వాదన. ఎంత లోతని అడిగితే మాత్రం నీళ్ళు నమిలేవాడు. ఇద్దరూ పాతికేళ్ళ స్నేహితులు. ఇప్పుడు ఒకరు గుమ్మంలోకొస్తే ఇంకొకరు లోపలికి వెళ్ళిపోతారు. ఇద్దరి చొక్కాలూ కుట్టేది తొందరమ్మే కాబట్టి ఇద్దరి ఏడుపూ ఆవిడే వినాలి.

గీత కూడా ఒక చోట కుదురుగా ఉందా అంటే, లేదు. ఓ ఏడాది పక్క వీధికి జరిగింది. అక్కడివాళ్ళ మొహాలు వాడిపోయాయి, మందుల షాపాయన బల్బు మార్చాడు. మరుసటి ఏడాది గీత వెనక్కొచ్చింది. ఓ వేసవిలో వీధి మొదట్లో పెద్ద యంత్రం ఒకటి తెచ్చి దింపారు. నేలలోకి ఊచ దింపుతూ, కొట్టులో సూదుల డబ్బాలు ఎగిరి కిందపడేలా కుదిపి వదిలిపెట్టారు. యంత్రం కట్టేసుకుని వెళ్ళిపోతున్న పనివాళ్ళని తొందరమ్మ ఆపి "ఏం దొరికింది బాబూ?" అని అడిగింది. "మట్టమ్మా" అన్నారు వాళ్ళు.

కొట్టు కూడా డీలా పడింది. ఇంటికి కిటికీ ఉంటుందో ఊడుతుందో తెలియనివాళ్ళు కర్టెన్లేం కుట్టించుకుంటారు? పిల్లల యూనిఫాంలు, పాత ప్యాంట్లకి జిప్పులు, అంతే. మనిషి ఏదైనా పోతే ఏడ్చి ఊరుకుంటాడు, ఉంటే నవ్వుకుంటాడు. ఉందో పోయిందో తెలియకపోతే మాత్రం పిచ్చెక్కిపోతుంది. తొందరమ్మకి ఇంచుమించు ఎక్కింది.

ఆదివారాలు మాత్రం తప్పలేదు. ప్రతి ఆదివారం అక్క దగ్గరికి వెళ్ళడం, సొరంగాన్నీ గుమాస్తానీ మాస్టారినీ కలిపి తిట్టిపోయడం, లేచేటప్పుడు "ఈ వేసవి లోపల తేలిపోతుందక్కా. తేలగానే గది, గది అవగానే నువ్వు" అనడం. అక్క "సరేలేవే" అనేది. వేసవులు వచ్చి పోతున్నాయి. ఆవిడ 'సరేలేవే' చిన్నదవుతూ వచ్చిందని తొందరమ్మ గమనించలేదు. గమనించాలంటే కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి కదా.

ఎట్టకేలకు మళ్ళీ లైబ్రరీ మేడ మీదికి పిలుపొచ్చింది. ఇంజనీరుగారు ఆయనే, జుట్టు మాత్రం సగమైంది. ఆయన పక్కన ఒక కొత్త ఆఫీసరమ్మ కూర్చుంది. ఈసారి లెక్కల మాస్టారు లేచి సూటిగా అడిగాడు. "మా వీధిలో ఇళ్ళు తీసేస్తామని మీరు ఎప్పుడైనా చెప్పారా?"

"ఇళ్ళా?" అన్నాడు ఇంజనీరు ఆశ్చర్యంగా. "ఇళ్ళు తీసేస్తామని నేనెప్పుడన్నాను? మీ వీధి కిందుగా సొరంగం పోతుందన్నాను. పైన ఇళ్ళ జోలికి వచ్చే ఆలోచన అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

తొందరమ్మ కుర్చీలోంచి ఎగిరి లేచింది. "పోతుందన్నారు! నేనడిగాను, మీరు పోతుందన్నారు! అనుమానం లేదని కూడా అన్నారు!"

"సొరంగం పోతుందన్నానండీ."

"ఏం పోతుందో చెప్పాలా వద్దా? వీధి పోతుందా అనడిగితే పోతుందంటే ఎవరికైనా ఏమర్థమవుతుంది?"

"మీరు ఎటు పోతుందని అడుగుతున్నారేమో అనుకున్నాను."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. మందుల షాపాయన కూడా తలవంచుకుని భుజాలు ఊపుతూ నవ్వాడు. తొందరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఆ వేళ ఇంకో ప్రశ్న అడిగి ఉంటే మర్నాడు మేస్త్రీని పంపేసేది కాదు. కట్టొద్దనే కబురు వచ్చేలోపు గది లేచి, తలుపు కూడా బిగించేసి ఉండేవాళ్ళు. గొంతు తగ్గించి అడిగింది, "పోనీ ఇప్పుడు కట్టుకోవచ్చా?"

ఆఫీసరమ్మ ఇంజనీరు వైపు చూసింది. ఇంజనీరు పటం వైపు చూశాడు. "లోతు ఎంతన్నది ఇంకా ఖాయం కాలేదండీ. కట్టుకోమనీ చెప్పలేం, వద్దనీ చెప్పలేం. ప్రస్తుతానికి ఆగండి" అంది ఆఫీసరమ్మ. పాపం, మంచి మనిషిలాగే ఉంది. అందుకే తొందరమ్మకి ఇంకా ఒళ్ళు మండింది. తిట్టడానికి కూడా వీల్లేని మనిషిని ఎందుకు కూర్చోబెడతారు అక్కడ?

కడుపులో మంట ఎవరి మీదైనా కుమ్మరించాలి. ఆదివారం కాకపోయినా నేరుగా అక్క దగ్గరికి వెళ్ళింది. మూడంతస్తులూ ఒక్క ఊపున ఎక్కి, పరదా తీస్తూనే "విన్నావా అక్కా, ఆ మహానుభావుడు ఏమన్నాడో" అని మొదలుపెట్టి, ఆగిపోయింది. మంచం మీద పరుపు చుట్టి ఉంది. గోడకి మేకులు తప్ప ఏమీ లేవు. నేల మీద రేకు పెట్టె తెరిచి ఉంటే, అక్క తువాళ్ళు ఒక్కొక్కటే మడతపెట్టి అందులో సర్దుతోంది.

"ఎక్కడికి?" అంది తొందరమ్మ.

"కూర్చో. రిటైరైన ఆస్పత్రి వాళ్ళకోసం ఒక వసతి గృహం ఉంది కదా, పెద్దరోడ్డు చివర. కింద అంతస్తులో ఒకటి ఖాళీ అయిందట. రేపు పొద్దున వ్యానొస్తుంది."

"నాకు చెప్పకుండానా? ఇన్నాళ్ళు ఆగినదానివి ఇంకో ఏడాది ఆగలేవా? గది కట్టగానే..."

"ఆ గది డాబా మీద కదే. మెట్లెక్కాలి. నా మోకాళ్ళు మెట్లు మర్చిపోయి రెండేళ్ళయింది. ఇక్కడే కిందికి దిగి నెల దాటింది."

"నాతో చెప్పాలా వద్దా?"

"చెప్పబోయాను. మోకాళ్ళు, అనేసరికి నూనె రాసుకో అన్నావు. అని సొరంగంలోకి వెళ్ళిపోయావు."

తొందరమ్మ చుట్టిన పరుపు మీద కూర్చుంది. అక్క ఇంకో తువాలు తీసింది. తొందరేం లేదు ఆవిడకి, ఏ మాటకామాట తూచి చెబుతుంది.

"నువ్వు కష్టపడలేదని కాదు. కాళ్ళరిగేలా తిరిగావు, నాకు తెలుసు. కానీ ఇన్నేళ్ళలో ప్రతి ఆదివారం గది కట్టాక రా అన్నావు. ఊరికే రా అని ఒక్కసారీ అనలేదు. అంటావేమోనని చూశాను. నేను నలుగురితో ఒక గదిలో బతికినదాన్ని, నాకు తలుపు లేదని బాధ ఎప్పుడూ లేదే. ఆ బాధ నీది."

"చోటెక్కడుంది అక్కా? ముందు గదంతా టేబులే. వచ్చేపోయేవాళ్ళు, మిషను చప్పుడు... రేపు లోతు ఖాయమైతే ఏమంటారో..." అంటూ తొందరమ్మ ఏదేదో చెప్పింది. చెబుతుంటే తన మాటలు తనకే ఎక్కడో విన్నట్టనిపించి నోరు మూసుకుంది. అద్దాల పెట్టె పక్కన ఆ గుమాస్తా బల్ల దగ్గర కూర్చోబెడితే సరిగ్గా సరిపోతుంది తను.

సాయంత్రం మొగుడితో చెప్పింది. ఆయన అంతా విని, లేచి వెళ్ళి కటింగ్ టేబులు కిందికి వంగి చూసొచ్చాడు. "కాళ్ళకి మడత బందులు వేస్తే గోడకి వాలిపోతుంది. అరగంట పని. కింద మంచం పడుతుంది" అన్నాడు.

"ఈ మాట ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు డాబా మీదే అనుకున్నావు కదా. నేనూ అదే అనుకున్నాను."

ఇంట్లో చోటు ఉంది. ఇటుకలు పైకెక్కించిన రోజూ ఉంది, గుమాస్తాతో దెబ్బలాడిన రోజులన్నీ ఉంది. కానీ ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవడం? అక్క మాటిచ్చేసింది, వ్యాను వస్తోంది.

పొద్దున్నే వెళ్ళి పెట్టె దింపించింది. వ్యానులో అక్క పక్కన కూర్చుంది. డ్రైవరు ట్రాఫిక్కుని తిడుతూ, ఆ సొరంగం ఎప్పుడొస్తుందో ఏమోనని అడిగాడు. తొందరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వసతి గృహం శుభ్రంగానే ఉంది. నున్నటి గచ్చు, వరసగా తలుపులు, కిటికీల్లో పూలకుండీలు. పెట్టె దింపేసి వ్యాను వెళ్ళిపోయింది. వరండాలో అక్కని బెంచీ మీద కూర్చోబెట్టి, తొందరమ్మ మేట్రన్ బల్ల దగ్గరికి వెళ్ళింది. మేట్రన్ తాళాల గుత్తిలో తాళం వెతుకుతూనే మాట్లాడింది.

"మీరు ఆవిడకి ఏమవుతారు?"

"చెల్లెల్ని."

"ఈ ఊళ్ళోనే ఉంటారా?"

"ఈ ఊళ్ళోనేనండీ."

"ఇంట్లో చోటు లేదా మరి?"

కావాలని అడిగింది కాదు, వచ్చిన అందరినీ అడిగే మాటే. దీనికి తొందరమ్మ దగ్గర ఏళ్ళ తరబడి వల్లించిన జవాబుంది. ఎర్ర చుక్క, అటూ ఇటూ జరిగే గీత, లోతు, అనుమతి అన్నీ నోటిదాకా వచ్చాయి. నిలబడి ఉండగానే ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. బెంచీ మీంచి అక్క ఇటే చూస్తోంది.

"ఉందండీ" అంది తొందరమ్మ. "ఎప్పుడూ ఉంది."

మేట్రన్ తాళాలు వదిలి తలెత్తింది. "చోటుంటే ఇక్కడికెందుకు తీసుకొచ్చారమ్మా?"

తొందరమ్మ బల్ల అంచు పట్టుకుని, చిన్నపిల్లలా, వరండాలో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. మేట్రన్ కంగారుగా మంచినీళ్ళకోసం లేచింది. ఆవిడ గ్లాసు నింపుకుని వచ్చేసరికి అక్క మోకాళ్ళ మీద చేతులాన్చి బెంచీ మీంచి లేచి, రేకు పెట్టెకి ఒక వైపు పిడి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏడుపు ఇంటికెళ్ళాక ఏడుద్దువుగానిలే" అంది చెల్లెలితో. "రా, ఆ వైపు పట్టుకో."